అచ్చయి వచ్చిన మాట కింద నా సంతకం

మా ఆఫీసులో పనిచేసే ఒకాయన నేనిచ్చిన క్రిస్మస్ కార్డు పట్టుకుని నా టేబుల్ దగ్గరికి వచ్చేసరికి నేను ఫోన్లో ఉన్నాను. కూర్చోమని సైగ చేశాను. కూర్చోలేదు. నేను ఫోన్ పెట్టేశాక కార్డు తెరిచి, లోపలి బంగారు రంగు అక్షరాల మీద వేలు పెట్టి అడిగాడు. "భయపడకుడి అని ఉందండీ ఇక్కడ. ఇది మీరు రాసిందా, అచ్చయి వచ్చిందా?"

"అచ్చయిందేనండీ. లూకా సువార్తలో మాట."

"కింద సంతకం మీదేగా. మీరు దీన్ని నమ్ముతున్నారా?"

ఆ గొంతులో వెటకారం ఉంటే నా పని తేలికయ్యేది. లేదు. ఆయన తండ్రి పోయి అప్పటికి నెల కూడా కాలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. నేను పుట్టిందే క్రైస్తవ సంఘంలో. పదకొండేళ్లు సండే స్కూల్లో పిల్లలకు పాఠాలు చెప్పాను. క్రిస్మస్ సందేశాలు ఎన్ని విన్నానో లెక్కలేదు, రెండు మూడు నేనే ఇచ్చాను కూడా. ఇంతా చేసి నా నోట్లోంచి వచ్చిన జవాబు ఇది: "మనిషన్నాక ఏదో ఒక నమ్మకం ఉండాలి కదండీ."

ఆయన తలూపి, కార్డు చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఇంటికెళ్లేదాకా ఆ 'ఏదో ఒక' నా వెనకాలే వచ్చింది.

క్రిస్మస్ దగ్గర పడితే మా సంఘంలో రెండు గొంతులు వినబడతాయి. ఒకటి: "ఏడాదంతా మన మాట వినని వాళ్లు కూడా ఈ నెలలో వింటారు. అవకాశం పోనివ్వకూడదు, అందరికీ చెప్పాలి." రెండోది కాస్త నెమ్మదైన గొంతు: "మన విశ్వాసం మన దగ్గర. పండగపూట ఎదుటివాళ్లను ఇబ్బంది పెట్టడం దేనికి? మనం మంచిగా ఉంటే వాళ్లే చూసి తెలుసుకుంటారు." వయసును బట్టి, మూడ్‌ను బట్టి నేను రెండు గొంతులతోనూ మాట్లాడాను. అచ్చయిన కార్డు కొనడంలో ఉన్న సుఖం ఏమిటంటే రెండు వర్గాలూ నన్ను ఏమీ అనవు. వాక్యం పంపినట్టూ ఉంటుంది, నోరు విప్పి చెప్పాల్సిన పనీ ఉండదు.

చెప్పాలా వద్దా అని ఇన్నాళ్లూ వాదించుకున్నాం. నాకు ఎదురైన ప్రశ్న అది కానే కాదు. చెప్పేవాడు తాను చెప్పేదాన్ని నమ్ముకున్నాడా అన్నది ముందు తేలాలి. అది తేలకపోతే చెప్పినా ఒకటే, ఊరుకున్నా ఒకటే.

లూకా తన కథను బేత్లెహేములో మొదలుపెట్టడు. యెరూషలేము దేవాలయంలో ధూపం వేస్తున్న ఒక ముసలి యాజకుడి దగ్గర మొదలుపెడతాడు. ఆ జెకర్యా నీతిమంతుడని లూకాయే సర్టిఫికెట్ ఇస్తాడు. అలాంటివాడి దగ్గరికి దూత వచ్చి నీకు కొడుకు పుడతాడంటే, నేనూ ముసలివాణ్ణి, నా భార్యా ముసలిది, ఇది నాకెలా తెలుస్తుంది అన్నాడు. నమ్మలేదు గనుక మాట పడిపోయింది. బయట జనం ప్రార్థన చేస్తూ, లోపల ఇంత ఆలస్యం ఏమిటా అని చూస్తున్నారు. అతను వచ్చి వాళ్ల ముందు నిలబడి చేతులతో సైగలు చేశాడు.

దీన్ని నాకు చిన్నప్పుడు శిక్ష అని చెప్పారు. నేనూ పిల్లలకు అలాగే చెప్పాను. ఆ సాయంత్రం చదువుతుంటే శిక్షలా అనిపించలేదు, నన్ను చూసి రాసినట్టుంది. నమ్మనివాడి దగ్గర చెప్పడానికి ఏం మిగులుతుంది? వేషం ఉంటుంది, పదవి ఉంటుంది, చేతిలో ధూపపాత్ర ఉంటుంది. మాట ఉండదు. జెకర్యాకు ఆ మాట తిరిగి వచ్చింది బిడ్డకు పేరు పెట్టే రోజున. చుట్టాలందరూ తండ్రి పేరే పెట్టాలని పట్టుబడుతుంటే పలక అడిగి తీసుకుని, దూత చెప్పిన పేరు, యోహాను అని రాశాడు. ముందు చెయ్యి ఒప్పుకుంది, ఆ తర్వాత నోరు తెరుచుకుంది.

అదే అధ్యాయంలో, నీకు కొడుకు పుడతాడని దూత చెప్పినప్పుడు యేసు తల్లి మరియ కూడా అడిగింది, 'యిదేలాగు జరుగును' అని. ఆమెకు మాట పోలేదు. ఈ తేడా ఎందుకని వ్యాఖ్యాతలు చాలా రాశారు. నాకు అర్థమైనంతలో జెకర్యా రుజువు అడిగాడు, మరియ దారి అడిగింది. ప్రశ్న ఉండటం తప్పు కాదన్నది మాత్రం స్పష్టం. మా సంఘంలో ప్రశ్న అడిగిన కుర్రాళ్లను 'విశ్వాసం చల్లారింది' అని పక్కన పెట్టిన సందర్భాలు నాకు తెలుసు. ఆ పక్కన పెట్టినవాళ్లలో ఒకప్పుడు నేనూ ఉన్నాను, అడిగిన కుర్రాడిగా కాదు, పెట్టిన పెద్దమనిషిగా.

తెలుగులో మనకొక సౌకర్యం ఉంది, దాన్ని ఎందుకో ప్రార్థనా మందిరం గుమ్మం బయటే వదిలేస్తాం. నమ్మడం వేరు, నమ్ముకోవడం వేరు. 'వాడు చెప్పింది నమ్మాను' అంటే ఆ విషయం నిజమని ఒప్పుకున్నానని. 'వాణ్ణి నమ్ముకుని వచ్చాను' అంటే వాడు చెయ్యిస్తే నా పని అంతేనని. ఇంట్లో ఈ తేడా పొరపాటున కూడా తప్పం. మందిరంలోకి రాగానే రెండిటికీ కలిపి 'విశ్వాసం' అనేస్తాం. అంతటితో, మనం ఏది చేస్తున్నామో మనకే తెలియకుండా పోతుంది.

ఈ తేడా తెలియాలంటే క్రిస్మస్‌కు ఏడు వందల ఏళ్ల వెనక్కి, బైబిల్లోని యెషయా ప్రవక్త గ్రంథం ఏడో అధ్యాయానికి వెళ్లాలి. క్రీస్తుపూర్వం 734 ప్రాంతం. యూదా రాజు ఆహాజు మీదికి సిరియా, ఉత్తర ఇశ్రాయేలు రాజ్యాలు కలిసి వస్తున్నాయి. రాజు గుండె, ప్రజల గుండె గాలికి అడవి చెట్లు ఊగినట్టు ఊగాయని రాసి ఉంది. యెషయా అతణ్ణి కలిసిన చోటు కూడా ఉంది: చాకిరేవు దారిలో, పై కోనేటి కాలువ దగ్గర. ముట్టడి వస్తే ఊరికి నీళ్లెలా అని చూసుకోవడానికి రాజు వెళ్లి ఉంటాడని పండితులు అంటారు. నాకు ఆ కాలువ గట్టు చాలా ఇష్టం. టెన్షన్‌లో ఉన్న మనిషి ఎక్కడ ఉంటాడో అక్కడే ప్రవక్త దొరకబుచ్చుకున్నాడు.

అక్కడ చెప్పిన మాట, 'మీరు నమ్మకుండినయెడల స్థిరపడకుందురు.' హెబ్రీలో ఈ రెండు క్రియలూ ఒకే ధాతువు నుంచి వచ్చాయి. మనం ప్రార్థన చివర పలికే 'ఆమేన్' కూడా అందులోంచి వచ్చిందే. గట్టిగా ఉన్నదాని మీద ఆనుకుంటే నువ్వూ గట్టిగా నిలబడతావు, లేకపోతే లేదు. ఒక సూచన అడగమంటే ఆహాజు చాలా భక్తిగా, నేను యెహోవాను శోధించను అన్నాడు. వినడానికి ఎంత బాగుందో! అతను చేసింది మాత్రం దేవాలయంలోని వెండి బంగారాలు తీసి అష్షూరు రాజు తిగ్లత్పిలేసెరుకు కానుకగా పంపి, నేను నీ దాసుణ్ణి, వచ్చి కాపాడు అని అడగడం. యెహోవా ఉన్నాడని ఆహాజు నమ్మి ఉండొచ్చు. నమ్ముకున్నది మాత్రం అష్షూరునే.

అతని ఆ భక్తి మాటకు జవాబుగా వచ్చిందే మన కార్డుల మీద కనబడే వాక్యం, 'కన్యక గర్భవతియై కుమారుని కని అతనికి ఇమ్మానుయేలను పేరు పెట్టును.' ఆనాటి ఆహాజుకు దాని అర్థం ఏమిటి, సువార్త రాసిన మత్తయి దాన్ని యేసుకు ఎలా వర్తింపజేశాడు అన్నదాని మీద పెద్ద చర్చే ఉంది, దాని జోలికి ఇప్పుడు పోను. నేను ఇన్నేళ్లు కొన్న కార్డుల్లో ఈ పద్నాలుగో వచనం ఎన్నోసార్లు చూశాను. 'నమ్మకుండినయెడల' అన్న తొమ్మిదో వచనం ఒక్కసారీ చూడలేదు. బహుశా అమ్ముడుపోదు.

అమ్మకం మాట వచ్చింది కాబట్టి చెప్తాను. 'సువార్త' అనే మాటను గ్రీకులో క్రైస్తవులు కనిపెట్టలేదు. నేటి టర్కీలో ఉన్న ప్రియేనె అనే ప్రాచీన నగరంలో ఒక శాసనం దొరికింది, క్రీస్తుపూర్వం 9 నాటిది. ఔగుస్తు చక్రవర్తి పుట్టినరోజైన సెప్టెంబరు 23న కొత్త సంవత్సరం మొదలవ్వాలని రోమా సామ్రాజ్యంలోని ఆసియా రాష్ట్రం వాళ్లు చేసిన తీర్మానం అది. చక్రవర్తినే దేవుడని చెప్పి, ఆ దేవుడి పుట్టుకతోనే లోకానికి శుభవార్తలు మొదలయ్యాయని అందులో ఉంది. లూకా రెండో అధ్యాయం తెరవగానే 'కైసరు ఔగుస్తు' పేరు ఎందుకు ఉందో ఇది తెలిశాక నాకు అర్థమైంది. ఒకవైపు రాతి మీద చెక్కించిన ప్రకటన, దాని వెనక సైన్యం, పన్నులు, జనాభా లెక్కలు. మరోవైపు అవే మాటలు, రక్షకుడు, శుభవార్త, శాంతి, రాత్రిపూట పొలంలో గొర్రెలు కాస్తున్న కొందరికి. చక్రవర్తి చేసినట్టుగా ఈ రెండో వార్తను ప్రచారం చేస్తే, ఎంత మైకులు పెట్టి చేసినా, అది మొదటి వార్తగా మారిపోతుంది. నమ్ముకున్నదాన్ని అమ్ముకోవడం అంటే నా దృష్టిలో అదే. బహుమతి చేతిలో పెట్టి దాని వెనకే కరపత్రం పెట్టడం నాకు అందుకే మింగుడుపడదు. ఇచ్చేదేదో ఇవ్వండి, చెప్పేదేదో చెప్పండి. రెండిటినీ ముడేస్తే తీసుకునేవాడికి కాదనే స్వేచ్ఛ పోతుంది. కాదనడానికి వీల్లేని చోట అవుననే మాటకు విలువేముంది?

ఇక ఆ గొర్రెల కాపరులు. మా సందేశాల్లో వీళ్ల గురించి ఒక మాట తప్పకుండా వస్తుంది, అప్పట్లో గొర్రెల కాపరుల సాక్ష్యం కోర్టులో చెల్లేది కాదని, అలాంటి వాళ్లనే దేవుడు మొదటి సాక్షులుగా ఎన్నుకున్నాడని. నేనూ చెప్పాను, చప్పట్లు కూడా వచ్చాయి. తీరా చూస్తే ఆ నియమం కనబడేది తర్వాతి శతాబ్దాల యూదు గ్రంథాల్లో. లూకా ఆ ఊసే ఎత్తడు. దావీదు కూడా గొర్రెల కాపరే, ఆ ఊళ్లో ఆ వృత్తి మరీ అంత చులకనగా ఉండేదా అన్నది అనుమానమే. ఇప్పుడు ఆ మాట చెప్పడం మానేశాను.

సాక్ష్యం అంటే తూకం తప్పకుండా చెప్పడం. ఇందులో మనం చాలా ఉదారంగా ఉంటాం. బిడ్డ యేసును చూడ్డానికి తూర్పు నుంచి వచ్చిన జ్ఞానులు ముగ్గురని మత్తయి చెప్పలేదు, కానుకలు మూడు రకాలని చెప్పాడు. వాళ్లు వచ్చింది ఇంట్లోకి. బిడ్డను పడుకోబెట్టిన పశువుల తొట్టి పక్కన ఎద్దూ గాడిదా సువార్తల్లో ఎక్కడా లేవు, అవి యెషయా మొదటి అధ్యాయం నుంచి నడిచి వచ్చాయి. 1223లో ఇటలీలోని గ్రెచ్చో అనే ఊళ్లో అస్సీసీ ఫ్రాన్సిస్ అనే క్రైస్తవ సన్యాసి గడ్డితో, నిజమైన ఎద్దుతో, గాడిదతో ఆ దృశ్యాన్ని చూపించాక ఇక వాటిని కదిలించే దిక్కు లేకపోయింది. డిసెంబరు 25 అన్న తేదీ సువార్తల్లో లేదు, మనకు దొరికే మొదటి ఆధారం రోములోని క్రీస్తుశకం 336 నాటి ఒక జాబితా. 'సత్రములో స్థలము లేనందున' అన్న చోట లూకా వాడిన గ్రీకు మాటే యేసు చివరి భోజనం జరిగిన విడిది గదికీ వాడాడు. యేసు చెప్పిన మంచి సమరయుడి కథలో డబ్బు తీసుకునే సత్రానికి వేరే మాట ఉంది. అంటే అది చుట్టాలింట్లో నిండిపోయిన గది కావచ్చు. తలుపు మొహాన వేసిన సత్రం యజమానిని మన నాటకాలు ఇన్నేళ్లుగా తిడుతున్నాయి, పాపం ఆయన ఆ కథలోనే లేడు.

కాస్త గట్టి చిక్కు కూడా ఉంది. యూదయ రాజు హేరోదు క్రీస్తుపూర్వం 4లో చనిపోయాడని ఎక్కువమంది చరిత్రకారుల లెక్క. సిరియా అధిపతి కురేనియు చేయించిన జనాభా లెక్క క్రీస్తుశకం 6లో జరిగిందని యూదు చరిత్రకారుడు యోసేపస్ రాశాడు. యేసు పుట్టుకను ఈ ఇద్దరి కాలానికీ ముడిపెట్టిన లూకా కథనంలో ఈ రెండూ ఎలా పొసుగుతాయన్నదానికి చాలా వివరణలు ఉన్నాయి, అన్నీ చదివినా నాకు పూర్తిగా తృప్తి కలగలేదు. ఇది నా విశ్వాసాన్ని కూల్చలేదు. కానీ ఎవరైనా అడిగితే 'అదేం లేదండీ, అంతా సరిపోయింది' అనను. యేసు శిష్యుడు పేతురు తన లేఖలో, మీ నిరీక్షణకు కారణం అడిగిన ప్రతివాడికీ జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉండమన్నాడు, 'సాత్వికముతోను భయముతోను' అని కూడా చేర్చాడు. అక్కడ అడిగేవాడు ఉన్నాడు, ముందు అది చూడండి. అడిగేలా బతకడం సగం పని, అడిగినప్పుడు అబద్ధం ఆడకపోవడం మిగతా సగం.

కాపరులు చేసిన పని లూకా నాలుగు వచనాల్లో చెప్పేస్తాడు. విన్నారు. 'మనము బేత్లెహేమువరకు వెళ్లి చూతము రండి' అనుకున్నారు. వెళ్లి చూశారు. ఆ బిడ్డ గురించి తమకు చెప్పిన మాటలు జనానికి చెప్పారు. తిరిగి వెళ్లిపోయారు, గొర్రెల దగ్గరికే అనుకుంటాను. విన్నవాళ్లు ఏం చేశారు? ఆశ్చర్యపడ్డారు. అంతవరకే ఉంది. ఎవరైనా నమ్మారా, ఎవరైనా తొట్టి దగ్గరికి పరిగెత్తారా, లూకా రాయలేదు. లెక్కలు, రిపోర్టులు, 'ఇంతమంది చేతులెత్తారు' అన్న వాక్యం, ఏవీ లేవు. మరియ మాత్రం ఆ మాటలన్నీ మనసులో దాచుకుని తలపోసుకుంది. మొదటి క్రిస్మస్ సువార్త కార్యక్రమం ఫలితం మా కమిటీ ముందు పెడితే వచ్చే ఏడాదికి బడ్జెట్ దొరకదు.

రెండో గొంతువాళ్లకు కూడా ఒక మాట. కాపరులు మంచిగా బతికి ఊరుకోలేదు. వాళ్లు మంచివాళ్లో కాదో లూకాకు అక్కర్లేదు. నోరు తెరిచి చెప్పారు. చూసినదాన్ని చూశామనకుండా మర్యాద కోసం దాచుకోవడం కూడా ఒక రకం అబద్ధమే. మనకు ఆస్పత్రిలో మంచి డాక్టరు దొరికితే అడగకపోయినా పదిమందికి చెప్తాం. దేవుడి విషయానికి వచ్చేసరికే మనకు ఎక్కడలేని సంస్కారం పుట్టుకొస్తుంది. నా సంగతే చెప్తున్నా, అది సంస్కారం కాదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర సొంతదేదీ లేదేమోనన్న భయం.

కార్డు సంగతి జరిగిన రెండేళ్లకు కేరల్స్ బృందంతో ఒక ఆస్పత్రికి వెళ్లాను. గంటలో అన్ని వార్డులూ తిరిగి రావాలి. గిటారు, శాంతా టోపీలు, కరపత్రాల కట్ట. ఒక వార్డులో మూలమంచం దగ్గర కూర్చున్న పెద్దావిడ మేం పాట అందుకోబోతుండగా చెయ్యెత్తింది. "పాట వద్దు బాబూ. ఆయన ఇప్పుడే నిద్రపోయాడు." మిగతావాళ్లు మెల్లగా పక్క వార్డుకు జరిగారు. నేను చివర ఉన్నాను. "ఒక్క పది నిమిషాలు ఇక్కడ కూర్చుంటావా నాయనా, మొహం కడుక్కుని వస్తాను. పొద్దున్నుంచి కదల్లేదు" అంది.

కూర్చున్నాను. టోపీ తీసి జేబులో పెట్టుకున్నాను. సెలైన్ బొట్లు పడటం చూశాను. ఆయన చెయ్యి దుప్పటి బయట ఉంది, సూది గుచ్చి గుచ్చి వెనకవైపు నీలంగా కమిలిపోయి ఉంది. పక్క వార్డులోంచి మా వాళ్ల పాట వినబడుతోంది. అక్కడ కూర్చుంటే మత్తయి కథలో మేం ఎప్పుడూ నాటకంలో వేయని భాగం గుర్తొచ్చింది. బేత్లెహేములో హేరోదు చంపించిన పిల్లలు, వాళ్ల కోసం ఓదార్పు వద్దని ఏడ్చినట్టు మత్తయి గుర్తుచేసిన పూర్వపు తల్లి రాహేలు. పండగపూట అదెందుకని తీసేస్తాం. తీసేశాక మిగిలిన కథ ఈ మంచం దగ్గర చెప్పడానికి పనికిరాదని ఆ పది నిమిషాల్లో అర్థమైంది. బిడ్డ పుట్టిన ఊళ్లోనే బిడ్డలు చచ్చిపోయారు, దేవుడు వచ్చింది అలాంటి చోటికి అని చెప్పగలిగితేనే 'భయపడకుడి' అన్న మాట నోట్లోంచి వస్తుంది.

ఆవిడ తల దువ్వుకుని, చీర సర్దుకుని వచ్చింది. "ఏం చెప్దామని వచ్చారు మీరంతా?" అని అడిగింది. కరపత్రం చేతిలోనే ఉంది, ఇవ్వలేదు. "దేవుడు మనిషిగా పుట్టాడని మేం నమ్ముకున్నామమ్మా. ఇలాంటి చోట మనల్ని ఒంటరిగా వదిలెయ్యడని. నాకూ ఒక్కోసారి అనుమానం వస్తుంది, అయినా ఆయన్నే పట్టుకుని ఉన్నాను" అన్నాను. ఆవిడ ఒక క్షణం చూసి, "మంచిది నాయనా" అంది. ఆ తర్వాత భర్త చెయ్యి దుప్పటి కిందికి జరిపింది. నేను లేచి వచ్చేశాను. మా బృందం లీడర్ లిఫ్ట్ దగ్గర గడియారం చూసుకుంటున్నాడు.

ఇప్పుడు లోపల ఏమీ అచ్చువేయని కార్డులు కొంటున్నాను. ఇదివరకు నలభై సంతకాలు పెట్టడానికి అరగంట చాలేది. ఇప్పుడు ఒక్కో కార్డుకు అంత పడుతోంది కాబట్టి సంఖ్య తొమ్మిదికి దిగింది. మొన్న ఆఫీసులో ఆయన కార్డు రాయడానికి కూర్చున్నాను. "ఆ రోజు మీరు అడిగినదానికి సరైన జవాబు చెప్పలేదండీ" అని మొదలుపెట్టాను. తర్వాత మూడు వాక్యాలు రాశాను, ఒకటి కొట్టేశాను. కొట్టివేత కనబడుతోంది, అయినా కార్డు మార్చలేదు. శుక్రవారం సాయంత్రం ఆయన టేబుల్ మీద పెట్టి వచ్చాను. సోమవారం కనబడ్డాడు. పెండింగ్ ఫైళ్ల గురించి మాట్లాడుకున్నాం.